ఒకటి, మూడు, నాలుగు, రెండు

ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చేవాళ్ళని మేము అసలు పేర్లతో పిలవం. అంబాసిడర్ మాస్టారు, హెరాల్డ్ డాక్టరు గారు, జీపన్న, భాయ్. నా ఫోన్లో కూడా నంబర్లు అలాగే ఉన్నాయి. ఒకసారి మా అమ్మాయి స్నేహితురాలు చూసి, "ఆంటీ, మీరు కార్ల వ్యాపారం చేస్తారా?" అని అడిగింది. వ్యాపారమే అయితే బాగానే ఉండేది. ఇరవయ్యేళ్ళుగా నేను చేస్తున్నది వాళ్ళకి టీ పెట్టడం.

ఇదంతా మా మామగారి కారు వల్ల. అందరం ఫియట్ అంటాం గానీ కాగితాల్లో అది ప్రీమియర్ పద్మిని. మామగారి నాన్న వడ్ల వ్యాపారం చేసే రోజుల్లో ఫియట్ అనే బుక్ చేశారట. అప్పట్లో కారు కొనడమంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడటమే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ వాళ్ళు ఇటలీ ఫియట్ 1100 కారునే ఇక్కడ తయారుచేసేవాళ్ళు. వీళ్ళ వంతు వచ్చేసరికి 1974 అయింది, ఆ ఏడే దాని పేరు పద్మినిగా మారింది. మద్రాసు నుంచి మామగారే తోలుకొచ్చారు. లేత నీలం రంగు, స్టీరింగు పక్కన గేరు కడ్డీ, ముందు పొడుగాటి బెంచీ సీటు.

అదే ఏడు మా అత్తమ్మ కూడా ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆమె ఇప్పటికీ అంటుంది: "ఒకే ఏడు ఇద్దర్ని తెచ్చుకున్నాడమ్మా మీ మామ. ఆ పద్మినికేమో రోజూ మెత్తటి గుడ్డతో తుడవడాలు. నాకేమో అంట్లు తోమడాలు."

నేను 2003లో వచ్చేనాటికే ఈ ఆదివారాల మేళం ఉంది. షెడ్డు ముందు వేపచెట్టు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టూలు. స్టూలు భాయ్‌ది. ఆయనకి కారు లేదు, ట్రంకు రోడ్డు పక్క సందులో చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. కారు లేని ఆయన రాకపోతే మాత్రం మిగతా వాళ్ళకి ఏమీ తోచదు. మాస్టారిది తెల్ల అంబాసిడర్, ప్రభుత్వ వేలంలో కొన్నది. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాళ్ళు. రోడ్డు మీద ఆ కారు కనిపిస్తే మొదట్లో జనం ఎవరో ఆఫీసరు వస్తున్నాడని లేచి నిలబడేవాళ్ళట. దిగేది మాస్టారని తెలిసి పిల్లకాయలు ఇంకా గట్టిగా నిలబడేవాళ్ళు.

డాక్టరు గారిది స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులోనే తయారైన కారు, 1971లో ఆపేశారు. ముందున్న బానెట్టూ మడ్‌గార్డులూ అన్నీ కలిసి ఒకటే మూతలాగా ముందుకి తెరుచుకుంటాయి, మొసలి నోరు తెరిచినట్టు. మా అమ్మాయి చిన్నప్పుడు అది చూసి ఏడ్చేది. ఆ కారుకి సామాన్లు ఎక్కడా దొరకవు. ఏది పాడైనా భాయ్ నెల్లూరు పోయి లేతు మిషను మీద చేయించుకు రావాలి. ఏడాదికి నాలుగుసార్లు రోడ్డెక్కితే గొప్ప. మిగతా రోజుల్లో డాక్టరు గారు స్కూటరు మీదే వచ్చి హెరాల్డ్ గురించి మాట్లాడతారు. జీపన్న మా ఆయన వయసు వాడు. రొయ్యల చెరువులు, వాళ్ళ నాన్న వదిలిన మహీంద్రా జీపు. కుర్చీలో కూర్చున్నా చెవిలో ఫోనే. "ఎంత కౌంటు? ఎంత చెప్తా ఉండారు?"

ఇంజను మూత తెరిచి నలుగురూ దాని మీదకి వంగితే వెనక నుంచి చూసేవాళ్ళకి నాలుగు లుంగీలు మాత్రమే కనిపిస్తాయి. గంటలు గంటలు ఏం మాట్లాడుకుంటారా అని ఒకటి రెండుసార్లు కాఫీ గ్లాసులు తీసే వంకతో నిలబడి విన్నాను. ప్లగ్గులో మసి. పాయింట్ల మధ్య సందు. కార్బురేటర్లో చెత్త. ఒకరి పిల్లల గురించి ఒకరు అడగరు. ఆరోగ్యం గురించి అడగరు. డాక్టరు గారి భార్య పోయిన ఏడాది అంతా ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడాది హెరాల్డ్ క్లచ్ మాత్రం మూడుసార్లు విప్పి బిగించారు. మనమైతే, ఇద్దరం ఆడవాళ్ళం పది నిమిషాలు నిలబడితే పెళ్ళిళ్ళూ పురుళ్ళూ సుగర్లూ అన్నీ అయిపోతాయి కదా. వీళ్ళదీ ఒక స్నేహమేనా అనిపించేది.

చెప్పొద్దూ, నాకు ఆ కారంటే కడుపు మంట. ఇంట్లో మిక్సీ పాడైతే "చూద్దాంలే" అనే మామగారు, దాని కొత్త బ్యాటరీకి మాత్రం అప్పటికప్పుడు డబ్బు తీసేవారు. తుమ్మలపెంట సముద్రం మాకు పది పన్నెండు కిలోమీటర్లు. ఆ ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ఏటా ఎక్కడో ఒకచోట తుప్పు, గీకడం, పూయడం. ఆ డబ్బంతా లెక్కేస్తే నాకో జత గాజులు వచ్చేవి. లెక్కేశాను కూడా.

క్లబ్బు అని వాళ్ళకి పేరేమీ లేదు. ఒకసారి చెన్నైలో మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్బు వాళ్ళు పెట్టే ప్రదర్శన చూడటానికి అందరూ పినాకినీ ఎక్కి పోయారు. తిరిగొచ్చాక రెండు వారాలు అవే కబుర్లు. అక్కడి కార్లలో మన ముఖం చూసుకోవచ్చంట. "వాళ్ళది క్లబ్బురా అబ్బయ్యా. మనది టీ కొట్టు" అన్నారు మామగారు నవ్వుతూ. డాక్టరు గారికి పుస్తకాల పరిజ్ఞానం ఎక్కువ. ఇంగ్లాండు వాళ్ళ లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 లోపు తయారైనవే, మనవన్నీ దాని ముందు పసిపిల్లలు అని చెప్పేవారు. ఇంకోసారి హైదరాబాదులో బంధువుల పెళ్ళికి పోయి చౌమహల్లా ప్యాలెస్ చూశాం. అక్కడ నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది, లోపల సింహాసనం లాంటి సీటు. చాలా తక్కువ తిరిగిందట. అందరూ నోరు తెరిచి చూస్తుంటే మామగారు నాతో మెల్లగా, "నడపని కారు కారు కాదమ్మా. అద్దాల బీరువా" అన్నారు.

మాస్టారి గురించి చెప్పాలి. అసలు ఇదంతా రాయడం ఆయన గురించే.

మా అమ్మాయికి ఎనిమిదో ఏట అనుకుంటా, ఆ ఇంజను దగ్గర నిలబెట్టి పాఠం చెప్పారు. "ఇందులో నాలుగు సిలిండర్లు ఉండాయి. వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మండవు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఎందుకో చెప్పు?" అది బిక్కమొహం వేసింది. "మీ జేజిని అడుగు. ఒక రోట్లో నలుగురు రోకళ్ళేసి దంచేటప్పుడు ఎవరి పోటు ఎప్పుడో తెలియకపోతే ఏమవతాది? రోకలీ రోకలీ కొట్టుకుంటాయి, రోలు కదిలిపోతాది. ఇదీ అంతే. వరస తప్పకూడదు." అప్పటి నుంచి మా అమ్మాయి ఆయన కనిపిస్తే నమస్కారం బదులు "ఒకటి మూడు నాలుగు రెండు" అనేది. ఆయన ఎంత మురిసిపోయేవాళ్ళో.

ప్లగ్గు వైర్లు విప్పి మళ్ళీ పెట్టేటప్పుడు ఆ పని మాస్టారిదే. ఒక్కో వైరు తొడుగుతూ పైకి అనేవాళ్ళు, మంత్రం చదివినట్టు. మిగతా వాళ్ళకి రాదని కాదు. అది ఆయన వంతు, అంతే.

2019 వేసవిలో ఒకరోజు మాస్టారు మందులు తెస్తానని కారు తీసుకుని బయలుదేరి రాత్రి ఎనిమిదైనా రాలేదు. ఇటు నెల్లూరు వైపు దగదర్తి దాకా జీపన్న పోయాడు. అటు ఒంగోలు వైపు మామగారూ భాయ్ పోయారు. ఉలవపాడులో హైవే పక్కన మామిడికాయల అంగడి ముందు కారు ఆపుకుని, అంగడి వాడిని "కావలికి ఎట్టా పోవాలి నాయనా" అని అడుగుతా ఉన్నారంట. పుట్టి పెరిగిన ఊరు. వాడు చెప్పాడు కూడా. ఆయన మళ్ళీ అదే అడుగుతున్నారు.

మామగారు ఆయన్ని ఫియట్‌లో ఎక్కించుకున్నారు, భాయ్ అంబాసిడర్ తోలుకొచ్చాడు. ఆ రాత్రి వచ్చాక మామగారు అన్నం తినలేదు. ఏమైందని అత్తమ్మ అడిగితే, "బ్యాటరీ వీకయింది" అన్నారు. ఏ బ్యాటరీ అని ఆమె అడగలేదు.

నెల్లూరులో పరీక్షలన్నీ చేసి డిమెన్షియా అన్నారు. మాస్టారి కొడుకు హైదరాబాదు నుంచి వచ్చి, తాళాలు దాచిపెట్టినా వెతికి తీస్తున్నాడు నాన్న అని, ఆ నెలలోనే అంబాసిడర్ని అమ్మేశాడు. మిగతా వాళ్ళకి కోపం వచ్చింది. నాకు రాలేదు. హైవే మీద లారీల మధ్య దారి తెలియని తండ్రిని తలచుకుంటే ఏ కొడుకైనా అదే చేస్తాడు.

కానీ ఆదివారం వచ్చేసరికి మాస్టారు అడిగేవాళ్ళు. "నా బండి ఏది?"

భాయ్ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "షెడ్డులో ఉంది మాస్టారూ. రంగేశాం, ఆరతా ఉండాది" అనేవాడు.

"ఏం రంగు?"

"తెలుపే. మీరు చెప్పిందే."

"మంచిది."

మళ్ళీ వారం మళ్ళీ ఇదే. ఒకసారి నేను భాయ్‌ని అడిగాను, ఎన్నాళ్ళు ఇలా అబద్ధం చెప్తావని. "నిజం చెప్తే ఆయనకి ప్రతి ఆదివారం బండి కొత్తగా పోతాదమ్మా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

2021 మే నెల గురించి ఎక్కువ రాయను, మీ అందరి ఇళ్ళలోనూ ఏదో ఒకటి జరిగే ఉంటుంది. మామగారు నెల్లూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉండి పోయారు. సాగనంపడానికి వాళ్ళెవరూ రాలేకపోయారు. మేమే సరిగ్గా చూడలేదు.

జూలైలో ఒక ఆదివారం ఆరున్నరకి గేటు చప్పుడైంది. చూస్తే డాక్టరు గారు, జీపన్న, భాయ్. మాస్క్‌లు వేసుకుని వేపచెట్టు కింద నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. అత్తమ్మ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి భాయ్ షెడ్డు తలుపు తీశాడు. రెండు నెలలకి పైగా తిప్పలేదు కదా, తాళం తిప్పితే టిక్కుమని కూడా అనలేదు. జీపన్న జీపు దగ్గరికి తెచ్చి వైర్లు కలిపాడు. చోక్ లాగి భాయ్ రెండుసార్లు తిప్పాడు, మూడోసారి పట్టుకుంది. పొగ, దుమ్ము, ఆ పాత పెట్రోలు వాసన. డాక్టరు గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఇరవై నిమిషాలు ఇంజను అలా నడుస్తూ ఉంది, ముగ్గురూ దాని ముందు నిలబడి ఉన్నారు. తర్వాత ఆపి, "వస్తాం అక్కా" అని అత్తమ్మకి చెప్పి పోయారు.

ఆ చప్పుడు ఆగిపోయాక అత్తమ్మ ఏడ్చింది. రెండు నెలల్లో అదే మొదటిసారి.

మాస్టారు మాత్రం ఆ రోజు రాలేదు. ఎందుకంటే అప్పటిదాకా ఆయన్ని తీసుకొచ్చి దింపేది మామగారు. ఆరింటికి ఫియట్ తీసుకుని పోయేవారు, పదింటికి మళ్ళీ దింపి వచ్చేవారు. ఆ తర్వాతి వారం మాస్టారి భార్య, పిన్నమ్మ అంటాను నేను, ఆటోలో తీసుకొచ్చింది. ఆయన వాళ్ళ మధ్య కుర్చీలో కూర్చున్నాక లోపలికి వచ్చి హాల్లో దివాన్ కాట్ అంచున కూర్చుంది. చీర కుచ్చిళ్ళు ఒక పక్కకి, జాకెట్టు హుక్కులు ఒకటి తప్పి ఒకటి. అంత నీటుగా ఉండే మనిషి. నేను టీ తెచ్చేలోపు అలా గోడకి తల ఆనించి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చేతిలో పర్సు పట్టుకునే. అత్తమ్మ పర్సు మెల్లగా తీసి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను తిప్పింది.

రెండు గంటలు పడుకుంది. లేచి ఎంత సిగ్గుపడిందో. తర్వాత చెప్పింది. మాస్టారు రాత్రిళ్ళు పడుకోరు. లేచి గడియ తీస్తారు, గ్యాస్ తిప్పుతారు, స్కూలుకి టైమైందంటారు. ఆమె గడియకి తన చీర కొంగు కట్టుకుని పడుకుంటుంది. వారం మొత్తంలో ఆమె నిశ్చింతగా కన్ను మూసేది ఆదివారం ఆ నాలుగు గంటలే.

"మీ మామకి తెలుసునమ్మా" అంది. "నేనేం చెప్పలా. ఒకరోజు హారన్ కొట్టి, ఈయన్ని ఎక్కించుకుంటా, 'తలుపేసుకుని పడుకో తల్లీ, పదింటి దాకా రాం' అన్నాడు. అంతే. రెండేళ్ళు ఒక్క వారం తప్పలా."

రెండేళ్ళు. నేను అదే ఇంట్లో ఉన్నాను. ఆదివారం అయ్యేసరికి ఈ షోకేమిటి, పెట్రోలు దండగ అని మా ఆయన దగ్గర సణిగిన ప్రతిసారీ ఆ కారు ఎటు పోతోందో నేను అడగలేదు.

ఇంత తెలిశాక కూడా కారు అమ్మాలని మొదట అన్నది నేనే. మంచిదాన్నని రాసుకోవడానికి లేదు. 2022లో మా అమ్మాయిని ఇంజనీరింగులో చేర్పించాం. అదే ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవడానికి ఆరువందలున్న ఫీజు 5,000 చేశారు. పాత బండ్లని తుక్కుకి పంపించే పాలసీ కూడా అంతకు ముందు ఏడాదే వచ్చింది. కారు ఇంకా మామగారి పేరు మీదే ఉంది, కాగితాలన్నీ మార్చాలి. షెడ్డు కూలగొడితే ముందు గది అద్దెకి ఇవ్వొచ్చు. ఇనుప సామాన్ల వాడిని పిలిపించి చూపించాను. చుట్టూ తిరిగి, వేలితో తట్టి, 24,000 అన్నాడు. మా ఆయన, "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు. అత్తమ్మ ఏమీ అనలేదు.

సోమవారం వచ్చి ఎత్తుకుపోతానన్నాడు వాడు. ముందు రోజు ఆదివారం. నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు మామూలుగానే వచ్చారు. పిన్నమ్మ లోపలికి వచ్చి, అప్పటికి అలవాటైపోయింది కదా, తనే దిండు తీసుకుని పడుకుంది. నేను ఇడ్లీ పిండి కలుపుతూ ఆమె గురక వింటున్నాను. బయట మాస్టారు "ఒకటి, మూడు" అంటున్నారు. వచ్చే ఆదివారం కారు లేకపోతే వీళ్ళు ఎందుకు వస్తారు? కారు లేకుండా "ఊరికే వచ్చి కూర్చోండి, ఆమె పడుకుంటుంది" అని ఏ మగవాళ్ళకి చెప్తాం? వాళ్ళకి వంగి చూడటానికి ఒక ఇంజను ఉండాలి. నాలుగు ప్లగ్గులు ఉండాలి.

ఇడ్లీ ఆవిరి మీద పెట్టి వాడికి ఫోను చేశాను. "అమ్మడం లేదు నాయనా" అన్నాను. ఇంకో మూడు వేలు ఎక్కువిస్తానన్నాడు. ఫోను పెట్టేశాను. మా ఆయనకి చెప్తే, "తెలుసులే" అన్నాడు. ఏం తెలుసో.

తర్వాత సంగతులు చాలా ఉన్నాయి గానీ ఒకటి చెప్తాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను. ఐదో తేదీ బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందు రెండు రోజులు మా జిల్లా అంతా వానే వాన. రాత్రి పదింటికి షెడ్డులోకి నీళ్ళు వస్తుంటే నేనూ మా ఆయనా బకెట్లు పట్టుకుని నిలబడ్డాం. కరెంటు లేదు. టార్చి వేసుకుని భాయ్ వచ్చాడు, గోనెసంచి తల మీద కప్పుకుని. వెనకే జీపన్న. ఆయన చెరువులన్నీ ఆ రాత్రి గట్లు తెగుతాయో లేదో తెలియని పరిస్థితి, అయినా వచ్చాడు. జాకీ పెట్టి ఒక్కో చక్రం లేపి కింద ఇటుకలు పేర్చారు. ఒంటిగంట అయింది. నేను గ్యాస్ మీద అల్లం టీ పెట్టి ఇచ్చాను. ఆ టీ పెట్టడానికి మాత్రం నాకు విసుగు రాలేదు.

2024కి ఫియట్‌కి యాభై నిండాయి. డాక్టరు గారు ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నారు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకి ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి యాభై ఏళ్ళు దాటి, ఇంజనూ బాడీ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తారు. కొత్తగా చేయించే వాటికి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, 20,000 ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది. ముందే రిజిస్ట్రేషను ఉన్న వాటికి పాత నంబరే ఉంచుకోవచ్చు. మామగారి మూడక్షరాల నంబరు ప్లేటు పోదని తెలిసి అత్తమ్మ మొహం వెలిగింది. కానీ రోజువారీ వాడకానికి తిప్పకూడదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతుకీ మాత్రమే.

"అంటే కలుగోళమ్మ గుడికి పోకూడదా?" అంది అత్తమ్మ.

"దారిలో పెట్రోలు పోయించుకుందాం అక్కా" అన్నారు డాక్టరు గారు.

కాగితాల పని ఇంకా నడుస్తోంది. భాయ్‌కి ఇప్పుడు కొత్త దిగులు. పెట్రోల్లో ఇరవై పాళ్ళు ఇథనాల్ కలుపుతున్నారు కదా, పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవట, పెళుసుబారి కారతాయట. ఒక్కొక్కటే మారుస్తున్నాడు. పైపులకి డబ్బు ఈసారి నేనే ఇచ్చాను, చీటీ డబ్బుల్లోంచి. గాజుల లెక్క ఇక వేయడం లేదు.

మాస్టారు ఇప్పుడు చాలా తక్కువ మాట్లాడుతున్నారు. బండి ఏదని అడగడం కూడా మానేశారు. అడగకపోయినా భాయ్ చెప్తూనే ఉన్నాడు, రంగు ఆరుతోందని. కొడుకు ఫోను చేస్తే ఎవరని అడుగుతున్నారట. పిన్నమ్మని "టీచరమ్మా" అంటున్నారట, ఆమె ఎప్పుడూ టీచరుగా చేయలేదు. వైర్లు ఆయన చేతికి ఇస్తే మాత్రం చేతులు వాటంతట అవే పోతాయి.

మొన్న ఆదివారం ప్లగ్గులు తుడిచి పెట్టారు. నేను కిటికీ దగ్గర కరివేపాకు దూస్తున్నాను. మాస్టారు మొదటి వైరు తొడిగారు. "ఒకటి." రెండో వైరు. "మూడు." ఇంకోటి. "నాలుగు."

చివరి వైరు చేతిలో ఉంది. ఆగిపోయారు. దాన్ని అలా చూస్తున్నారు. ఎవరూ కదలలేదు. జీపన్న ఫోను మోగితే నొక్కేశాడు. ఎంతసేపో అలా. డాక్టరు గారు నోరు తెరవబోయి ఊరుకున్నారు. చివరికి భాయ్, ఏదో వేరే పని గుర్తొచ్చినవాడిలాగా స్పానరు తుడుచుకుంటూ, పాట పాడినట్టు అన్నాడు: "రెండూ..."

"రెండు" అన్నారు మాస్టారు. తొడిగారు.

లోపల పిన్నమ్మ మంచం మీద కదిలింది. ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చినట్టుంది. "టైమెంతయిందమ్మా? ఆయన పిలిచారా?" అంది కళ్ళు తెరవకుండానే.

బయట ఇంజను పట్టుకుంది.

"ఇంకా తొమ్మిది కూడా కాలేదు పిన్నమ్మా," అన్నాను. "పడుకోండి."